ఘాట్ ఎక్కిన కారు టోల్‌గేట్ దగ్గర ఎందుకు ఆగిపోతుంది: కార్బురేటర్ స్విచ్ పరీక్ష, మార్పిడి

ఏపీ 03 నంబరు ప్లేటుతో తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పాత మారుతి 800లు, ఓమ్నీల యజమానులకు ఈ బాధ కొత్తేమీ కాదు. కారు అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డులో అయిదుగురినీ వాళ్ళ సామాన్లనూ మోసుకుంటూ ఎక్కడా మొరాయించకుండా కొండెక్కుతుంది. దర్శనం చేసుకుని దిగేటప్పుడు కొండ మీదే ఉన్న జీఎన్‌సీ టోల్‌గేట్ దగ్గర వరసలో నిలబడగానే ఆగిపోతుంది. తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మళ్ళీ ఆఫ్. చోక్ లాగి పట్టుకుంటే నడుస్తుంది, నాబ్ లోపలికి నెడితే పోతుంది. వెనక టెంపో ట్రావెలర్ హారన్ మోగుతుంటే డ్రైవరుకు ఒకటే టెన్షన్.

దీనికి మొదట వినిపించే కారణం కొండ. పైన గాలి పలచబడుతుంది కాబట్టి పాత బండి తట్టుకోలేదంటారు. లెక్క వేసి చూస్తే ఇది నిలవదు. తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి సాంద్రత 8 శాతం దాకా తగ్గుతుంది. దాంతో కార్బురేటర్ గాలిలో పెట్రోలు కలిపి ఇచ్చే మిశ్రమం 4 శాతం అటూఇటూగా చిక్కబడుతుంది, అంటే పెట్రోలు పాలు ఆ మేరకు పెరుగుతుంది, అంతే. సరిగ్గా ఉన్న కారు అంత తేడాకు ఆగిపోదు. పైగా చోక్ లాగితే మిశ్రమం ఇంకా చిక్కబడుతుంది. కొండ వల్ల చిక్కబడి ఆగే బండి అయితే చోక్ లాగగానే ఇంకా త్వరగా ఆగాలి. ఇక్కడ బతుకుతోంది. అంటే ఇంజిన్‌కు పెట్రోలు చాలడం లేదు, అదీ కాలు తీసినప్పుడు మాత్రమే.

పెట్రోలు పంపు బలహీనంగా ఉంటే, ఫిల్టరు మూసుకుపోయి ఉంటే ఆ సంగతి ఎక్కేటప్పుడే బయటపడేది. అంత ఎత్తు బరువుతో ఎక్కిన ఇంజిన్‌కు కంప్రెషన్ తక్కువని అనుమానించడమూ దండగే. మిగిలేది కార్బురేటర్‌లో ఐడ్లింగ్ (కాలు తీసినా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ ఉండటం) కోసం విడిగా ఉండే సన్నని దారి ఒక్కటే. ఆ దారికి తలుపులా పనిచేసేదే మెకానిక్కులు కార్బురేటర్ స్విచ్ అనో, సొలినాయిడ్ అనో పిలిచే బొటనవేలంత భాగం.

లోపల ఏం జరుగుతుంది

కార్బురేటర్‌లో పెట్రోలు ఒకే దారిలో రాదు. కాలు నొక్కినప్పుడు గాలి దారికి అడ్డుగా ఉండే థ్రాటిల్ రేకు తెరుచుకుని, వెంచురీ అనే ఇరుకు దారి గుండా గాలి జోరుగా దూసుకెళ్తూ మెయిన్ జెట్ అనే సన్నని రంధ్రం నుంచి పెట్రోలు లాక్కుంటుంది. కాలు తీశాక థ్రాటిల్ దాదాపు మూసుకుపోతుంది. వెంచురీలో లాగే శక్తి ఉండదు. అప్పుడు థ్రాటిల్ రేకు కింద, ఇంజిన్ వైపు ఏర్పడే వాక్యూమ్ ఒక చిన్న రంధ్రం గుండా స్లో జెట్ నుంచి పెట్రోలు పీల్చుకుంటుంది. మిక్చర్ స్క్రూ తిప్పి సరిచేసేది ఈ రంధ్రాన్నే. స్విచ్ కూర్చునేది ఈ దారి మధ్యలో.

స్విచ్ లోపల ఒక రాగి చుట్ట, మధ్యలో కదిలే ఇనప కడ్డీ, దాని కొసకు సూది మొన, వెనక స్ప్రింగు ఉంటాయి. తాళం ఆన్ చేస్తే 12 వోల్టుల కరెంటు చుట్టలో పారి కడ్డీని లోపలికి లాగుతుంది, దారి తెరుచుకుంటుంది. తాళం ఆపితే స్ప్రింగు కడ్డీని బయటికి తోసి, మొన దారిని మూసేస్తుంది. కాబట్టి కరెంటు అందకపోతే తలుపు మూసే ఉంటుంది. కారు స్టార్ట్ అవుతుంది, పరుగెడుతుంది, ఐడ్లింగ్ మాత్రం ఉండదు.

అసలు దీన్ని ఎందుకు పెట్టారన్నది సబబైన ప్రశ్నే, ఎందుకంటే బాగా పాత అంబాసిడర్లలో, పద్మినిల్లో ఇది ఉండేది కాదు. 1970ల్లో అమెరికాలో, ఆ తర్వాత మిగతా దేశాల్లో పొగ నిబంధనలు బిగుసుకున్నాయి. వాటికి తగ్గట్టు మిశ్రమాన్ని పలచబరిచారు, స్పార్క్ పడే సమయాన్ని (ఇగ్నిషన్ టైమింగ్) వెనక్కి జరిపారు. ఇంజిన్లు మునుపటి కంటే వేడిగా నడవసాగాయి. అలాంటి వేడి ఇంజిన్‌కు తాళం ఆపి స్పార్క్ తీసేసినా, సిలిండర్‌లో ఎర్రగా కాలిన కార్బన్ పెచ్చులే నిప్పు అంటించి ఇంజిన్ గడగడా కొట్టుకుంటూ ఇంకాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఐడ్లింగ్ దారిలో పెట్రోలు వస్తున్నంతసేపు అది ఆగదు. తాళంతో పాటు పెట్రోలూ ఆగాలని ఈ స్విచ్ వచ్చింది. కొన్ని కార్లలో దీనికి ఇంకో పని కూడా అప్పజెప్పారు: కాలు తీసి గేర్‌లో దిగేటప్పుడు, ఇంజిన్ వేగం ఒక హద్దు దాటి ఉంటే ఒక చిన్న కంట్రోల్ యూనిట్ దీన్ని మూసి పెట్రోలు మిగులుస్తుంది.

2000 తర్వాత ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చిన కార్లలో కార్బురేటరే లేదు, ఈ స్విచ్ కూడా లేదు. వాటిలో ఐడ్లింగ్ పోతే వెతకాల్సిన చోట్లు వేరు. గ్యాస్ కిట్ పెట్టించిన ఓమ్నీల దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. వాటిలో పెట్రోలు పైపు మధ్యలో ఇంకో సొలినాయిడ్ ఉంటుంది, గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు అది పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది. అది చెడితే కాలు నొక్కినా తీసినా బండి కదలదు. నెలల తరబడి గ్యాస్ మీదే తిప్పితే కార్బురేటర్ గిన్నె ఎండిపోయి, అడుగున మిగిలిన జిగురు కార్బురేటర్ స్విచ్ మొననే అంటుకుంటుంది. అలాంటి బండిని ఒక్కసారిగా పెట్రోలు మీదికి మార్చి ఐడ్లింగ్ లేదని ఫిర్యాదు చేస్తే, తప్పు స్విచ్‌ది కాదు.

సూది కోసేసే మరమ్మతు

ఈ ఫిర్యాదుకు రోడ్డు పక్క షెడ్లలో ఒక శీఘ్ర వైద్యం ఉంది. స్విచ్ విప్పి, కడ్డీ కొసనున్న సూది మొనను హాక్సా బ్లేడుతో కోసేసి, మొండిని మళ్ళీ అక్కడే బిగించేస్తారు. తలుపే లేదు కనుక దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కారు వెంటనే చక్కగా ఐడ్లింగ్ పట్టుకుంటుంది. ఖర్చు లేదు, పది నిమిషాల పని. సెకండ్ హ్యాండ్‌లో పాత 800 కొన్నవాళ్ళు ఎప్పుడైనా స్విచ్ విప్పి చూస్తే, కొస దగ్గర మొన ఉండాల్సిన చోట బ్లేడు గీతలతో బల్లపరుపుగా మెరిసే ఇత్తడి ముఖం కనిపించవచ్చు.

దీని మీద అతిగా కూడా చెబుతుంటారు. సూది కోస్తే మైలేజీ పడిపోతుందన్న మాట మామూలు కార్ల విషయంలో నిజం కాదు. నడుస్తున్నప్పుడు బాగున్న స్విచ్ కూడా తెరిచే ఉంటుంది. కోసిన స్విచ్‌కూ దానికీ ఆ సమయంలో తేడా లేదు. దిగేటప్పుడు పెట్రోలు మూసే కంట్రోల్ యూనిట్ ఉన్న కార్లలోనే ఆ మేరకు నష్టం.

అసలు నష్టం ఇంకోటి. స్విచ్‌కు కరెంటు ఎందుకు రావడం లేదో ఎవరూ చూడరు. మన వేసవిలో ఇంజిన్ పక్కనే ఏళ్ళ తరబడి ఉన్న వైరు మీద తొడుగు బిరుసెక్కి చిట్లుతుంది. ఆ వైరు తెగి కరెంటు ఆగి ఉంటే, తెగిన కొస ఎక్కడో ఇనుముకు రాసుకుంటూ ఉంటుంది. సూది కోయడంతో జబ్బు లక్షణం పోయింది గానీ, తాళం ఆన్ చేసిన ప్రతిసారీ 12 వోల్టులు ఉండే బట్టలేని వైరు పెట్రోలు గిన్నె పక్కన అలాగే మిగిలింది. అది ఏ రోజైనా ఫ్యూజు కొట్టేయవచ్చు. అదే ఫ్యూజు మీద ఇంకేవైనా నడుస్తుంటే అవీ పోతాయి. నిప్పురవ్వ పడితే అంతకంటే ఘోరం. దీనికి తోడు, కొండ దిగి వేడి మీదున్న కారును ఆపితే తాళం తీశాక కూడా గడగడ మొదలవుతుంది. చాలామంది గేర్ వేసి క్లచ్ వదిలి దాని గొంతు నొక్కుతారు. స్పార్క్ అదుపు లేకుండా మండే ఆ కొట్టుడు పిస్టన్లకూ బేరింగులకూ మంచిది కాదు. అప్పుడప్పుడు ఇంజిన్ వెనక్కి కూడా తిరగబోతుంది.

కాబట్టి కోయడానికి ముందూ, కొత్తది కొనడానికి ముందూ పరీక్ష ఉండాలి.

విప్పక ముందు చూడాల్సినవి

ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, చుట్టూ చప్పుడు లేని చోట ఒకరు తాళాన్ని ఆన్, ఆఫ్ చేస్తుంటే ఇంకొకరు స్విచ్ మీద వేలు ఆనించి చూడాలి. బాగున్న స్విచ్ ప్రతిసారీ చిన్నగా ‘టిక్’మంటుంది. చెవికి అందకపోయినా వేలికి తెలుస్తుంది. చాలామంది వైరు పీకి, మళ్ళీ తాకిస్తూ ఈ చప్పుడు వింటారు. అది మానుకోవాలి. వైరు తాకించిన ప్రతిసారీ కొసన చిన్న నిప్పురవ్వ పుడుతుంది, అదీ పెట్రోలు ఆవిరి ఉండే చోట. తాళం దగ్గర ఆన్, ఆఫ్ చేస్తే ఆ బెడద లేదు.

‘టిక్’ వినిపిస్తే కరెంటు వస్తోంది, చుట్ట బతికే ఉంది, కడ్డీ కదులుతోంది. అనుమానం స్లో జెట్ మీదికి మళ్ళాలి. ‘టిక్’ లేకపోతే స్విచ్ పోయినట్టేనని తేల్చేయడం తొందరపాటు. కరెంటు వస్తోందా లేదా అన్నది ముందు చూడాలి.

ఇక్కడ మల్టీమీటర్ కంటే టెస్ట్ లాంప్ నిజాయితీగా చెబుతుంది. మీటరు దాదాపు కరెంటు తాగకుండానే వోల్టేజీ చూపిస్తుంది. పది పోగుల్లో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలిన వైరులో కూడా మీటరు 12.5 అని హాయిగా చూపిస్తుంది. అదే వైరుకు స్విచ్ తగిలించి కరెంటు లాగితే వోల్టేజీ కూలిపోతుంది. 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు అతికించి, వైరు కొసకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య పెట్టి, తాళం ఆన్ చేస్తే బల్బు నిండుగా వెలగాలి. మసకగా వెలిగితే వైరులోనో, కనెక్టర్‌లోనో, ఫ్యూజు కాళ్ళలోనో అడ్డు ఉంది. మీటరే ఉంటే స్విచ్‌కు వైరు తగిలించి ఉంచే, వెనక నుంచి పిన్ను గుచ్చి కొలవాలి. బ్యాటరీ దగ్గర ఎంత ఉందో ఇక్కడా ఇంచుమించు అంతే రావాలి. అర వోల్టుకు మించి తేడా ఉంటే దారిలో ఎక్కడో తింటోంది.

కనెక్టర్ తీసి లోపలికి చూడటం అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయే పని. గుండ్రటి ఇత్తడి పిన్ను మీద పచ్చటి పిండిలాంటి చిలుము కట్టి ఉంటే, పిన్ను పట్టే తొడుగు వదులై లోపల నల్లగా మాడి ఉంటే, సగం కేసు అక్కడే తేలిపోతుంది. సన్నని గరుకు కాగితంతో రుద్ది, తొడుగును నోస్ ప్లయర్‌తో కొంచెం బిగించి మళ్ళీ పెడితే స్విచ్ ‘టిక్’మనడం మొదలవుతుంది.

ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్ళే దారి, దాని సంగతి ఇంకా తక్కువమంది చూస్తారు. కొన్ని స్విచ్‌లకు రెండు వైర్లు ఉంటాయి. వాటిలో ఒకటి ఎర్త్. ఒకే వైరు ఉన్న స్విచ్‌కు కార్బురేటర్ ఒళ్ళే ఎర్త్. ఆ కార్బురేటర్ మాత్రం మానిఫోల్డ్ (మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే గొట్టాలు) మీద నేరుగా కూర్చోదు. మధ్యలో వేడి తగలకుండా కరెంటు పారని దిమ్మె, గాస్కెట్లు ఉంటాయి. బోల్టుల గుండా, యాక్సిలరేటర్ కేబుల్ గుండా ఎర్త్ అందుతూ ఉంటుంది. తుప్పు పడితే అదీ బలహీనపడుతుంది. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు తెచ్చి కార్బురేటర్ ఒంటికి గట్టిగా పట్టుకుని, ఆ తర్వాతే తాళం ఆన్ చేస్తే స్విచ్ పనిచేసిందనుకోండి, కావలసింది కొత్త స్విచ్ కాదు, ఒక ఎర్త్ వైరు.

కొండ దిగువన వేడి చేసే మాయ

చల్లగా ఉన్నప్పుడు పరీక్షలన్నీ పాసై, కారు వేడెక్కాక మాత్రమే మొరాయించే కేసులు వైరింగ్ కేసుల కంటే ఎక్కువ విసిగిస్తాయి. షెడ్‌కు తీసుకెళ్తే కారు బుద్ధిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే బానెట్ కింద గాలి కదలదు, స్విచ్ ఉన్న చోట వేడి ఇంకా ఎన్నో రెట్లు పెరిగినట్టే అనిపిస్తుంది.

రాగి వేడెక్కితే డిగ్రీకి 0.39 శాతం చొప్పున దాని నిరోధం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే ఆ పెరుగుదల 27 శాతం. వోల్టేజీ మారకపోయినా కరెంటు దాదాపు 79 శాతానికి తగ్గుతుంది. అయస్కాంతం లాగే బలం కరెంటు వర్గంతో ముడిపడి ఉంటుంది కాబట్టి అది ఉజ్జాయింపుగా 62 శాతానికి పడిపోతుంది. దీని మీద చిలుము పట్టిన కనెక్టర్ ఇంకో వోల్టున్నర తినేసి 12.6 బదులు 11 మాత్రమే అందిందనుకుంటే, బలం చల్లటి స్విచ్ బలంలో సగానికి కూడా రాదు. స్ప్రింగు మాత్రం ఎప్పటి బలంతోనే తోస్తుంది. మొనకు జిగురు కూడా పట్టి ఉంటే కడ్డీ ఇక కదలదు. విడివిడిగా చూస్తే వేడీ, చిలుమూ, జిగురూ దేనికదే చిన్న లోపమే. మూడూ ఒక మధ్యాహ్నం కలిసొచ్చినప్పుడు కారు ఆగుతుంది. స్విచ్ మార్చినా కొన్నాళ్ళకే మళ్ళీ అదే తంతు ఎందుకు వస్తుందో కూడా ఇందులోనే ఉంది: కొత్త చుట్ట, శుభ్రమైన మొన ఆ కనెక్టర్ లోపాన్ని కొంతకాలం కప్పిపుచ్చాయి.

ఎండలో ఆగే కారుకు ఇంకో కారణమూ ఉంది, దాన్ని దీంతో కలిపేయకూడదు. పెట్రోలు పైపులోనో గిన్నెలోనో మరిగి ఆవిరైపోతే కూడా కారు ఆగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ నొక్కినా వెంటనే ఊపిరి రాదు. పావుగంటో అరగంటో చల్లారితే తనంతట తనే బాగవుతుంది. స్విచ్ దోషమైతే కాలు నొక్కిన మరుక్షణం ఇంజిన్ పలుకుతుంది, కాలు తీసిన మరుక్షణం పోతుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలు.

బయటికి తీశాక

ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసేశాకే స్విచ్‌కు స్పానర్ పెట్టాలి. కొంచెం పెట్రోలు కారుతుంది. కింద గుడ్డ పట్టుకోవాలి. కార్బురేటర్ ఒళ్ళు మెత్తటి మిశ్రమ లోహం, స్విచ్ మరలు ఇత్తడివో ఉక్కువో అయి ఉంటాయి. జారే స్పానర్‌తో, ప్లయర్‌తో కుస్తీ పడితే పోయేది కార్బురేటర్ మరలే.

తీసిన స్విచ్‌ను తెరిచి ఉన్న కార్బురేటర్‌కు దూరంగా, వేరే బ్యాటరీ ఉంటే దాని దగ్గరకు తీసుకెళ్ళి పరీక్షించాలి. ఒంటికి నెగటివ్, వైరుకు పాజిటివ్ ఇస్తే కడ్డీ చటుక్కున లోపలికి పోవాలి, తీసేస్తే అంతే చురుగ్గా బయటికి రావాలి. కొన్ని రకాల్లో కార్బురేటర్‌లో ఉన్నప్పుడు కడ్డీ కొంత లోపలికి నొక్కుకుని ఉంటుంది. బయటికి తీసినప్పుడు పూర్తిగా సాగి, అంత దూరం నుంచి అయస్కాంతం లాగలేకపోతుంది. వేలితో కొంచెం నొక్కి కరెంటు ఇస్తే అందుకుంటుంది. ఇది తెలియక బాగున్న స్విచ్‌లను పారేసిన సందర్భాలు కొల్లలు.

మీటరుతో నిరోధం కొలిస్తే కచ్చితమైన అంకె కోసం పాకులాడక్కర్లేదు, అది తయారీని బట్టి మారుతుంది. అనంతం చూపిస్తే చుట్ట తెగింది. సున్నా దగ్గర ఉంటే లోపల షార్ట్, ఫ్యూజు కాలడానికి అదే కారణం కావచ్చు. మధ్యలో పదుల ఓమ్‌లలో నిలకడగా ఉంటే చుట్ట బాగున్నట్టే. వేడి మీద మాత్రమే చెడేదైతే, స్విచ్‌ను ఎండలో కాగిన బానెట్ మీద కాసేపు ఉంచి మళ్ళీ కొలిస్తే గుట్టు బయటపడవచ్చు.

మొనను వెలుతురులో పట్టి చూడటం మరిచిపోకూడదు. తేనె రంగు వార్నిష్ పొర ఉంటే కార్బురేటర్ క్లీనర్‌తో కడిగి, కడ్డీ స్వేచ్ఛగా ఆడుతోందా చూడాలి. రబ్బరు మొన ఉన్న వాటిలో అది ఉబ్బి ఉంటే కడిగి లాభం లేదు. ఈ ఉబ్బడం ఇటీవల ఎక్కువగా చర్చకు రావడానికి కారణం పెట్రోలు. 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. పాతికేళ్ళ కిందటి రబ్బర్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. రబ్బరు సంగతి పక్కన పెట్టినా, ఇథనాల్ మిశ్రమాన్ని పలచబరుస్తుంది. బరువు లెక్కన మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి సరిపోతే, 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి 13.5 దగ్గరే సరిపోతుంది. ఎంపీఎఫ్ఐ కారు కంప్యూటర్ దాన్ని సర్దుకుంటుంది. జెట్ రంధ్రానికి ఆ తెలివి లేదు. అందుకే పాత కారు ఐడ్లింగ్‌లో వణుకుతుంటే, స్విచ్ బాగుందని తేలాక మిక్చర్ స్క్రూను పావు చుట్టు బయటికి తిప్పి చూడటం కూడా ఒక పరీక్షే.

స్లో జెట్‌ను క్లీనర్ స్ప్రేతో, కంప్రెసర్ గాలితో ఊదాలి. సన్నని ఇనప తీగ గుచ్చితే మెత్తటి ఇత్తడి రంధ్రం పెద్దదైపోతుంది, ఆ తర్వాత ఎంత ట్యూనింగ్ చేసినా కుదరదు. చిట్లిన వాక్యూమ్ గొట్టాలు కూడా ఇదే లక్షణాలు చూపిస్తాయి.

కొత్తది వేసేటప్పుడు

ఇన్ని చూశాక స్విచ్ నిజంగానే పోయిందని తేలితే మార్చడం కష్టమేమీ కాదు. దొరకడమే కష్టం. మారుతి 800 ఉత్పత్తి 2014 జనవరిలో ఆగింది. కార్బురేటర్ మోడళ్ళు అంతకు చాలా ముందే పోయాయి. రేణిగుంట రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లోనో, చిత్తూరు గిరింపేట వైపో అడిగితే దొరకవచ్చు. లేదంటే చిత్తూరు, తిరుపతి వైపు వాళ్ళకు ఉన్న వెసులుబాటు ఒకటుంది: ఒక పక్క చెన్నై పుదుపేట, ఇంకో పక్క బెంగళూరు జేసీ రోడ్డు, రెండూ ఒక్కరోజులో వెళ్ళి రాగల దూరమే. పాత స్విచ్ చేతిలో పట్టుకునే వెళ్ళాలి. మరల సైజు, కడ్డీ పొడవు, మొన ఆకారం, కనెక్టర్ నాలుగూ పక్కపక్కన పెట్టి సరిపోల్చాలి. కడ్డీ ఒక మిల్లీమీటరు పొడవు తక్కువైతే తాళం ఆపాక దారి మూసుకోదు, ఎక్కువైతే తెరిచినప్పుడు కూడా సగం అడ్డంగానే ఉంటుంది. పుదుపేటలో పాత కార్బురేటర్ మొత్తం కొని దాని మీది స్విచ్ వాడుకునేవాళ్ళూ ఉన్నారు. కొనే ముందు అక్కడే బ్యాటరీకి తగిలించి చూపించమనాలి, కొస కోసి ఉందేమో కూడా చూసుకోవాలి.

బిగించేటప్పుడు పాత వాషర్ లేదా ఓ-రింగు వాడకూడదు. అక్కడ గాలి లీకైతే కొత్త స్విచ్‌తో కూడా ఐడ్లింగ్ రాదు. మరలకు తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టే అలవాటు నల్లా కుళాయిలకు సరే, ఇక్కడ వద్దు. టేపు పోగులు తెగి జెట్‌లోకి పోతాయి. ఒకే వైరు స్విచ్ అయితే ఆ టేపు ఎర్త్‌ను కూడా అడ్డుకుంటుంది. ముందు వేళ్ళతో మరలు పట్టేదాకా తిప్పి, చివర్న స్పానర్‌తో ఒక్క పట్టు పట్టిస్తే చాలు. వైరును ఎగ్జాస్ట్‌కూ ఫ్యాన్ బెల్టుకూ తగలకుండా క్లిప్పులో కట్టేయాలి.

బ్యాటరీ తగిలించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, చోక్ లోపలికి నెట్టి ఉంచి, ఐడ్లింగ్ సరిచేయాలి. ఈ తరం చిన్న కార్లకు మాన్యువల్ చెప్పే వేగం ఎక్కువగా నిమిషానికి 800 నుంచి 950 చుట్ల మధ్య ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా స్విచ్ వైరు తీస్తే ఇంజిన్ ఆగాలి అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మంచి పరీక్షే, కానీ దాన్ని ఫ్యూజు తీసి చేయడం మేలు, అదే ఫ్యూజు మీద ఇగ్నిషన్ లేకపోతే. పొగ పరీక్షకు వెళ్ళాల్సిన బండి అయితే ఈ ట్యూనింగ్ అయ్యాకే వెళ్ళాలి. భారత్ స్టేజ్-2 పొగ ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదన్నది నిబంధన. 15 ఏళ్ళు దాటి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటున్న బండ్లకు ఈ కాగితం తప్పదు.

దారిలో చెడితే

మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది. 36 మెలికలతో ఇప్పుడు దిగడానికి మాత్రమే వాడుతున్నారు. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది కాబట్టి తొందరపడి లాభం లేదు. ఐడ్లింగ్ పోయిన కారుతో ఆ మెలికలు దిగేటప్పుడు చేయకూడని పని ఒకటే: ఎలాగూ ఆగిపోతోంది కదా అని తాళం ఆపేసి వాలులో వదిలేయడం. ఇంజిన్ తిరగకపోతే బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు నొక్కుళ్ళకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. తాళం ఇంకాస్త వెనక్కి తిరిగితే స్టీరింగే లాక్ కావచ్చు. దిగుతూ మధ్యలో తాళం మళ్ళీ ఆన్ చేస్తే, అప్పటిదాకా సైలెన్సర్‌లో పెట్రోలు ఏమైనా పోగుపడి ఉంటే అది ఢామ్మని పేలవచ్చు.

రెండో గేర్‌లో ఉంచి దిగితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి స్విచ్ లేకపోయినా ఆగదు. ఇబ్బంది క్లచ్ నొక్కిన చోటే. అందుకు బయల్దేరే ముందే థ్రాటిల్ పక్కనున్న ఐడ్లింగ్ స్క్రూను ఒకటి రెండు చుట్లు లోపలికి బిగించాలి. థ్రాటిల్ రేకు కొంచెం తెరుచుకుని వెంచురీలో గాలి కదిలి, మెయిన్ జెట్ నుంచే కాస్త పెట్రోలు రావడం మొదలవుతుంది. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది గానీ నిలబడుతుంది. ఎన్ని చుట్లు తిప్పారో గుర్తు పెట్టుకుని, కొత్త స్విచ్ వేసిన రోజే ఆ స్క్రూను వెనక్కి తేవాలి. అది అలాగే ఉండిపోతే తాళం తీశాక కూడా మెయిన్ జెట్ దారిలో పెట్రోలు వస్తూనే ఉంటుంది, వేడి ఇంజిన్ గడగడమంటూ తిరుగుతూనే ఉంటుంది, అప్పుడు నిందంతా పాపం కొత్త స్విచ్ మీద పడుతుంది.